ఇంటి కాఫీకి మర గల యంత్రము

కాఫీగింజను వేయించుట, వేయించిన గింజను పొడి చేయుట, పొడినుండి రసము దింపుట అను మూడు పనులును ఒకానొక కాలమున మన వంటయింటనే జరుగుచుండెడివి. బొగ్గుల కుంపటిమీద గింజలను ఎఱ్ఱగా వేయించి, బల్ల అంచునకు మరచీలతో బిగించిన ఇనుప మరలో పోసి, పిడి త్రిప్పి పొడి చేసికొనిన తరమువారు ఇప్పటికిని అక్కడక్కడ కనబడుదురు. క్రమముగా వేయించుట కాఫీపొడి అంగడికి తరలిపోయినది. దాని వెంటనే మరయును పోయినది. ఫిల్టరు మాత్రము, అదియైనను ఇన్‌స్టంటు పొడి ఇంకను జయింపని యిండ్లలో, మిగిలియున్నది. ఇప్పుడు గింజల తొట్టిని నెత్తిన పెట్టుకొని, మరను కడుపులో దాచుకొని వచ్చుచున్న కాఫీ యంత్రములు ఆ నడిమి పనిని మరల ఇంటికి తెచ్చెదమని చెప్పుచున్నవి. వాని వెల కొన్ని వేల రూపాయలతో ఆరంభమై లక్షను దాటి పోవుచున్నది గనుక, కొనదలచిన గృహస్థు తప్పక చూడవలసినదేమి, చూడకున్నను నష్టము లేనిదేమి అని కొంత విచారించుట యుక్తము.

రాయపూరులోని తెలుగువారికి ఈ విచారణ మఱింత అవసరము. 1931లో విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయపూరువఱకు రైలుమార్గము పూర్తియైన నాటినుండి ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును రాకపోకలు సులభమైనవి. పిమ్మట 1959లో భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు రగిలిన తరువాత, ఉక్కు కర్మాగారపు ఉద్యోగములకై చేరినవారిలో తెలుగువారును కలరు. వచ్చినవారు ఆవకాయ జాడీతోపాటు ఫిల్టరును తెచ్చుకొనిరి గాని కాఫీపొడి అంగడిని తెచ్చుకొనలేకపోయిరి. విజయవాడలోనో విశాఖలోనో వీథి మలుపున నిలిచి, ఇంత పీబెర్రీ, ఇంత ప్లాంటేషన్, ఇంత చికోరి అని పాళ్లు చెప్పి, కన్నులయెదుట మర ఆడించుకొని, వెచ్చని పొట్లమును చేతబట్టుకొని యింటికి పోవు సౌఖ్యము ఈ చాయ్ రాజ్యమున అరుదు. జబల్‌పూరు కార్మిక సహకార సంఘమువారు నడపు ఇండియన్ కాఫీ హౌసు ఇక్కడ కలదు గనుక ఊరిలో కాఫీ దొరకదని చెప్పుటకు వీలులేదు. అయితే తెల్లవారుజామున కావలసిన యింటి కాఫీ సంగతి వేరు. విశాఖ రైలు దిగిన బంధువు తెచ్చియిచ్చిన పొడి మొదటి వారము ఘుమఘుమలాడును. మూడవ వారమునకు దానిలో రంగు మాత్రమే మిగులును. ఈ లోటును తీర్చగలది గింజయే గాని మఱియొక పొట్లము పొడి గాదు.

ఏలయన, వేయించిన గింజ తన సువాసనను లోలోపల బంధించి యుంచుకొనును. వేయించునప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు గింజలోనుండి దినములతరబడి మెల్లమెల్లగా వెలువడుచుండును. పొడి చేసిన మరుక్షణమున గాలి తాకు తావు అనేక రెట్లు పెరిగి, ఆ వాయువును, దానితో కూడియున్న పరిమళమును నిమిషములలో తప్పించుకొనిపోవును. గాలిలోని ప్రాణవాయువు గింజలోని నూనెలను పాడుచేయ నారంభించును. మూత బిగిన డబ్బాలో గింజ మూడు నాలుగు వారములు రుచిగా నిలుచుచుండగా, పొడి కొలది దినములకే నీరసించుటకు కారణ మిదియే. కావున మర గల యంత్రమును కొనువాడు నిజమునకు కొనుచున్నది మరనే. తక్కినదంతయు నీటిని కాచి త్రోయు ఏర్పాటు. దుకాణదారుడు పీడనమును, పాలనురుగును, తాకుతెరను, ఫోనుతో కలుపు చమత్కారమును వర్ణించుచుండగా ఓపికతో విని, చివరకు మర ఎట్టిదని అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాని వద్ద కొనకుండుట మేలు.

మరలు రెండు జాతులు. మిక్సీలో వలె బ్లేడు గిరగిర తిరిగి గింజలను నఱుకునది ఒకటి. రెండు పళ్ల చక్రముల నడుమ గింజ నలిగి, ఆ చక్రముల ఎడమునకు తగిన పరిమాణమున క్రిందికి జారునది మఱియొకటి. ఈ రెండవదానిని అంగడిలో బర్ గ్రైండరు అందురు. మన తిరుగలికి ఇది దగ్గఱి చుట్టము. బ్లేడు నఱికిన పొడిలో దుమ్మును, మోటు పలుకును ప్రక్కప్రక్కనే యుండును. వేడినీరు సోకినప్పుడు దుమ్ము తన రసమునంతయు, చేదుతో సహా, వదలిపెట్టును. పలుకు సగము రసమును తనలోనే నిలుపుకొని పులుపును మాత్రము ముందుగా ఇచ్చును. ఒకే కప్పులో చేదును పులుపును కూడివచ్చినప్పుడు గింజను నిందించుట అన్యాయము. తక్కువ వెలకు వచ్చు యంత్రములు కొన్నిటిలో, పెట్టెమీద గ్రైండరు కలదని ముద్రించి, లోపల బ్లేడునే అమర్చుదురు. అట్టిదానికి డబ్బు పెట్టుటకంటె ఇంటనున్న మిక్సీతో సరిపెట్టుకొనవచ్చును.

పళ్ల చక్రములలో శంకువు ఆకారమువి, బల్లపరుపువి అను భేదమును, ఉక్కువి, పింగాణివి అను భేదమును కలవు గాని ఇంటి వాడుకకు ఈ భేదములు వ్యాపారప్రకటనలు చాటునంత పెద్దవి కావు. గింజలలో చిన్నరాయి కలిసివచ్చినచో పింగాణి చక్రము పగులుననునంతవఱకు గుర్తుంచుకొన్న చాలును. అంతకంటె ముఖ్యమైనది పొడి సన్నదనమును మార్చు మెట్ల సంఖ్యయు, ఒక మెట్టునకును మఱియొక మెట్టునకును గల దూరమును. ఎస్ప్రెస్సోకు 18 గ్రాముల పొడినుండి 25 మొదలు 30 సెకనులలో సుమారు 36 గ్రాముల ద్రవము దిగవలెనని ఒక వాడుక లెక్క కలదు. పది సెకనులలోనే దిగిపోయినచో పొడి మోటుది. నిమిషము గడచినను చుక్కచుక్కగా రాలుచున్నచో పొడి మిక్కిలి సన్నము. ఒక్క మెట్టు మార్చినంతనే ఆ కొసనుండి ఈ కొసకు దూకు మర, పైకెంత మెఱయుచున్నను, ప్రతిదినము యజమాని సహనమును పరీక్షించును. పై చక్రమును చేతితో విప్పి కుంచెతో దులుపుటకు వీలున్నదా యనునదియు చూడవలెను. ఎందుకనగా మర గొట్టమున నిలిచిపోయిన నిన్నటి పొడి నేటి మొదటి కప్పులోనే వచ్చి చేరును.

ఇక యంత్రముల మాట. డ్రిప్ యంత్రము గింజను పొడిచేసి, దానిపై వేడినీటిని చిలుకరించి, కూజానిండ పలుచని కాఫీని దింపును. పాలు లేకయో, చెంచాడు పాలతోనో త్రాగు అమెరికావారికి అది యోగ్యమే. అందులో మన పద్ధతిని సగము పాలు పోసినచో మిగులునది పాలును గాదు, కాఫీయు గాదు. డికాషన్‌లో పాలు కలుపుకొను గృహమువారు ఈ తరగతివైపు చూడకుండుటయే మంచిది. పాలకు నిలువగల చిక్కదనము ఎస్ప్రెస్సోకే కలదు. అదిమిన సన్నని పొడిలోనికి 90 నుండి 96 డిగ్రీల వేడిగల నీటిని సుమారు 9 బార్ల పీడనముతో త్రోయుట దాని రహస్యము. ఇటలీలో లుయిజీ బెజెరా ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆవిరి బలముతో నడుపు యంత్రమును రూపొందింపగా, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట గాజ్జా మీట యంత్రము అధిక పీడనమును, దానితోపాటు కప్పుపైని తేలు బంగారు నురుగును తెచ్చినది. 1961లో ఫేమా సంస్థవారి యంత్రముతో మనుష్యుని భుజబలమునకు మారుగా విద్యుత్పంపు ప్రసిద్ధికెక్కినది. గింజ పోసి మీట నొక్కిన చాలును, కప్పు నిండునను ఇంటి యంత్రమును 1985లో సేకో అను మఱియొక ఇటలీ సంస్థ తెచ్చినది. పెట్టెలమీద 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరములతో వేయునది పంపు చేయగల గరిష్ఠమే గాని పొడిమీద పడవలసిన పీడనము గాదు. ఆ అంకె పెరిగినంత మాత్రమున కాఫీ రుచి పెరుగదు.

సేకో చూపిన దారిని నడచు పూర్ణ స్వయంచాలక యంత్రములలో పొడి చేయుట, అదుముట, దింపుట, పిప్పిని పెట్టెలోనికి నెట్టుట అన్నియు లోలోపల జరిగిపోవును. సుఖము గొప్పది, శుభ్రత మాత్రము మన మెడకే. డెలాంగీ, ఫిలిప్స్ యంత్రములలో కాఫీ దింపు భాగమును బయటికి లాగి కొళాయిక్రింద కడుగవచ్చును. స్విట్జర్లండు సంస్థ జూరావారి యంత్రములలో అది లోపలనే యుండును గనుక మాత్రలు వేసి శుభ్రపఱుపవలెను. రాయపూరు వర్షకాలపు తేమలో పిప్పిపెట్టెను రెండు దినములు మఱచినచో బూజు పట్టుట నిశ్చయము. అందుచేత కడుగుటకు వీలైన జాతియే మనకు మేలని నా అభిప్రాయము. పిడిగల గిన్నెలో పొడిని పట్టి, మనమే అదిమి, మనమే బిగించు అర్ధస్వయంచాలక యంత్రములలో పని ఎక్కువ, స్వాతంత్ర్యమును ఎక్కువ. వానితో వచ్చు చిల్లుల గిన్నెలలో జంటగోడలదియు, ఒంటిగోడదియు అని రెండు విధములుండును. జంటగోడల గిన్నె మోటుపొడితోనైనను నురుగు తెప్పించి, మరలోని లోపమును కప్పిపుచ్చును. దుకాణములో ఆ గిన్నెతోనే చేసి చూపుదురు. మర సత్తువ తెలియవలెనన్నచో ఒంటిగోడ గిన్నెతో చేయుమని అడుగవలెను.

మన యిండ్లలో అసలు చిక్కు వేఱొకచోట నున్నది. మనము కాఫీ యనుకొని త్రాగునదానిలో చికోరి యెంత గలదో పొట్లముపైన ముద్రించియేయుండును. మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని మన ఆహార నిబంధనలు చెప్పుచున్నవి గనుక, 53కు 47 అను పొట్లములును ధర్మసమ్మతములే. చికోరి గింజ గాదు, వేరు. వేయించిన వేరులోని చక్కెరలు పాకమై, గాలిలోని తేమను పీల్చి జిగురు పట్టును. నీటిలో కాఫీకంటె ఎంతో ఎక్కువగా కరగును. ఫిల్టరులో ఈ గుణమే వరము: నీటి నడకను మందగింపజేసి, నల్లని చిక్కని డికాషన్‌ను ఇచ్చును. యంత్రములో ఈ గుణమే శాపము. గింజల తొట్టిలో చికోరి పలుకులను వేసినచో అవి చక్రముల పళ్లలో అంటుకొని మరను పట్టివేయును. చికోరి కలిపిన పొడిని చిల్లుల గిన్నెలో అదిమినచో నీరు దిగక పంపు మూలుగును. కొన్ని యంత్రములలో బయటి పొడి వేసికొనుటకు వేఱుగ ఒక ద్వారముండును. అదియు శుద్ధమైన కాఫీపొడికే గాని మిశ్రమమునకు గాదు. అమ్మకందారులలో ఈ సంగతిని తాముగా చెప్పువారు అరుదు.

అట్లని చికోరి అలవాటుపడిన నాలుక యంత్రమును మానుకొనవలసినదేనా? మూడు దారులు కనబడుచున్నవి. చికోరి ఇచ్చు బరువును కొంతవఱకు రోబస్టా గింజ ఇయ్యగలదు. మన దేశపు పంటలో అధికభాగము అదియే, ఇటలీవారు తమ ఎస్ప్రెస్సో మిశ్రమములకై కొనిపోవు భారతీయ గింజలలోను అది ముఖ్యమైనది. అరబికాలో మూడవవంతు మంచి రోబస్టాను కలిపి చూచినవారు కొందఱు చికోరి మాటనే మఱచిపోవుదురు. మఱవలేనివారు చిటికెడు చికోరిపొడిని పాలలో వేసి మరిగించి, వడియగట్టి, ఎస్ప్రెస్సోలో పోసికొనవచ్చును. మూడవ దారి చమత్కారమైనది: అర్ధస్వయంచాలక యంత్రములు కొన్ని తాము చేసిన పొడిని గిన్నెలోనికి వదలగలవు గనుక, మరను కొంత మోటువైపు త్రిప్పి, ఆ పొడిలో చికోరి కలిపి, పాత ఫిల్టరులోనే డికాషన్ దింపుకొనవచ్చును. పూర్ణ స్వయంచాలకములు తమ పొడిని ఎవరికిని చూపవు. వానితో ఈ యుపాయము సాగదు.

వేడి విషయమును ముందే తెలిసికొని యుండుట మంచిది. ఆవిరి గొట్టముతో పాలను నురుగు పట్టించునప్పుడు 60, 65 డిగ్రీలవద్ద ఆపవలెనని ఆ విద్య తెలిసినవారందురు. అంతకు మించినచో పాల తీపి చెడును. పొగలు గ్రక్కు పాలతో గ్లాసు నింపుకొని, ఊదుకొని త్రాగు మనకు ఆ కాఫీ చల్లారినదానివలె తోచును. యంత్రమునందు దోషమున్నదని సర్వీసువానిని పిలుచుటకంటె పాలను పొయ్యిమీద కాచి పోసికొనుట సులభము. అట్లు చేయుటకు సిద్ధపడినవారు పాల కూజాయు, దాని గొట్టములును గల ఖరీదైన నమూనాకు అదనపు ధర చెల్లింప నక్కఱలేదు. మే నెలలో 45 డిగ్రీలు తాకు ఊరిలో, పాలగొట్టమును ప్రతి పూటయు కడుగుట తప్పినందుకు సంతోషింపవచ్చును.

యంత్రము ఆయువును నిర్ణయించునది మాత్రము నీరు. రాయపూరు సున్నపురాతి పొరలమీద కూర్చున్న నగరము; బలోదా బజారు ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినది ఆ రాతి బలముచేతనే. ఆ పొరలలో ఊరిన బోరు నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు విస్తారము. నీరు కాగినకొలది అవి తెల్లని గారగా పేరుకొనును. గిన్నెలో పట్టిన గారను గీకి పారవేయవచ్చును; కాఫీ యంత్రములో నీరు కాగునది సన్నని నాళములలో గనుక, అక్కడ పట్టిన గార ముందు వేడిని తగ్గించును, పిమ్మట ధారను సన్నగించును, తుదకు పంపును చంపును. గార వలన కలిగిన చెడుపును గ్యారంటీ సాధారణముగా భరింపదు. ఖారున్ నదినుండి శుద్ధిచేసి యిచ్చు పురపాలక జలము బోరు నీటికంటె మృదువు. అయినను అపార్ట్‌మెంట్లలో రెండును ఒకే తొట్టిలో కలియుచుండుటచేత కొళాయిని నమ్ముటకు వీలులేదు.

అందుచేత ఆర్.ఓ. నీరు పోయుదమందురా, దానికిని ఒక హద్దు కలదు. లవణములన్నియు తొలగిన నీరు కాఫీలోని రుచిని సరిగా లాగుకొనలేక చప్పని కప్పును ఇచ్చును. అదియుగాక, నీటిలోని లవణముల విద్యుద్వాహకతనుబట్టి తొట్టిలో నీరున్నదని గ్రహించు యంత్రములు, నిండుగ పోసినను తొట్టి వట్టిదని మొరాయించును. కాఫీ నిపుణులు కోరునది లీటరులో సుమారు 150 మిల్లీగ్రాముల లవణములు గల నీరు. ఇంటి ఆర్.ఓ. యంత్రమున టీడీఎస్ సర్దుబాటు మర యుండినచో ఆ సమీపమునకు త్రిప్పించుకొనవలెను, లేనిచో ఆర్.ఓ. నీటిలో కొంత పురపాలక జలమును కాచి వడియగట్టి కలుపుకొనవచ్చును. గార తొలగించుమని యంత్రము దీపము వెలిగించినప్పుడు, సంస్థవారు చెప్పిన ద్రావణముతో ఆ పని ఆ వారముననే చేయవలెను.

విద్యుత్తు, సర్వీసు మున్నగువానిని గూర్చి రెండు మాటలు చాలును. 1450 వాట్ల యంత్రము 230 వోల్టులవద్ద ఆరు ఆంపియర్లకు మించి లాగును గనుక మిక్సీకి వాడు చిన్న సాకెట్టు దానికి చాలదు. 16 ఆంపియర్ల సాకెట్టు కావలెను. మరమ్మతు చేయువాడు రాయపూరులోనే యున్నాడా, లేక యంత్రమును పెట్టెలోబెట్టి మఱియొక నగరమునకు పంపవలెనా యని కొనుటకు ముందే వ్రాతపూర్వకముగా అడుగవలెను. మర చక్రములు విడిగా దొరకునా యనియు అడుగవలెను, ఎందుకనగా మరయు, నీటి భాగమును ఒకే పెట్టెలో నున్నప్పుడు ఒకటి చెడినచో రెండవదియు పని మానుకొనును.

గింజకు మాత్రము మనకు కొఱత లేదు. 2019లో భౌగోళిక గుర్తింపును పొందిన అరకు అరబికా మన తూర్పు కనుమలదే. కొత్తవలస నుండి కిరందూలునకు పోవు రైలుమార్గము అరకులోయను దాటి జగదల్‌పూరు చేరును, ఆ జగదల్‌పూరునకు సమీపమున దర్భా కొండలలో 2017 ప్రాంతమున ఉద్యాన కళాశాల శాస్త్రజ్ఞుల పూనికతో ఆరంభమైన తోటలు ఇప్పుడు బస్తరు కాఫీ యను పేరుతో గింజలను ఇచ్చుచున్నవి. ఏ గింజయైనను వేయించిన తేదీ పొట్లముమీద లేనిదే కొనరాదు. నూనె ఓడునంత నల్లగా వేయించినవి స్వయంచాలక యంత్రముల మరలో అంటుకొని తొట్టినుండి దిగవు. నడితరముగా వేయించినవి శ్రేయస్కరము. తొట్టిలో పావుకిలో పట్టునని పావుకిలోయు పోయరాదు. క్రింద కాగుచున్న హీటరు వేడికి, బయటి తేమకు నడుమ గింజ త్వరగా చెడును, రెండు దినములకు సరిపడు గింజ చాలును.

ఇన్నిటిని చెప్పిన తరువాత నా పక్షమును దాచుకొనుట బాగుండదు. ఒకరిద్దఱు మాత్రమే యుండి, వేళకాని వేళలలో ఒక్కొక్క కప్పు కోరు ఇంటికి, అందును చికోరి వాసన పడనివారికి, మర గల ఎస్ప్రెస్సో యంత్రము యోగ్యమైనది. వారు పూర్ణ స్వయంచాలకమును కొన్నను తప్పులేదు. తెల్లవారగనే నలుగురైదుగురికి ఒక్కసారిగా కాఫీ కావలసిన సంసారమునందు, ఒక్కొక్క కప్పునకు మర మ్రోగి, ఒక్కొక్క కప్పు దిగి, అత్తగారి కప్పు వచ్చుసరికి మామగారి కప్పు చల్లారును. అట్టి యింటివారు ఆ ధనములో కొద్దిభాగము వెచ్చించి, ఉక్కు పళ్లుగల మంచి చేతిమరనో, విడి విద్యుత్ మరనో కొని, తక్కినదానిని గింజలకు ఉంచుకొనవచ్చును. విడిమర చెడినను ఫిల్టరు పనిచేయును. ఫిల్టరు చిల్లులు పూడిపోయినను మర పనిచేయును. చికోరి ఎంత కలుపుకొన్నను ఏ కంపెనీవాడును అడ్డుచెప్పడు. రాత్రి భోజనముల తరువాత పొడి చేసి, ఫిల్టరు పైగిన్నెలో నింపి, మరగిన నీరు పోసి మూతపెట్టినచో ఉదయమునకు డికాషన్ దిగియుండును. పడుకొనుటకు ముందు మరాడించు ఓపిక లేనివారు తెల్లవారి చేసికొన్నను ఇరువది నిమిషముల పని.